చోటూ – చాటూ



ఈవేళ మీతో హోటళ్ల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. హోటళ్ల గురించి ప్రసంగమేమిటి, వంటావార్పూ మాకు తెలియనిదా అనుకోకండి. నేను చెప్పబోయేది వంట సంగతి కాదు. కూర్చునే చోటు సంగతి.

ఏ ఆదివారం సాయంత్రమో పిల్లలతో బయటికి వెళ్తాం. హోటల్లో కూర్చుంటాం. సర్వరు వచ్చి మంచినీళ్ల గ్లాసులు పెడతాడు. ఏమున్నాయంటే గడగడా అప్పచెబుతాడు. మనకి కావలసింది చెబుతాం. తింటాం, బిల్లు కట్టి వచ్చేస్తాం. ఇందులో చెప్పుకోవలసిన విశేషం ఏముంది? ఏమీ లేదు. "మీరెవరు? మీ ఇద్దరికీ ఏమిటి సంబంధం? మీకిక్కడ పెట్టం, లేవండి" అని మనని ఎవ్వరూ అనరు గనక మనకది విశేషంగా తోచదు. అనిపించుకున్న వాళ్లకి తెలుస్తుంది ఆ కుర్చీ విలువ. మన దేశంలో ఆ మాట అనిపించుకున్న కులాలున్నాయి. బయట నిలబెట్టి, విడిగా ఉంచిన గ్లాసులో టీ పోయడం మన ఊళ్లు ఎరుగని సంగతి కాదు. అమెరికాలో నల్లవారు అనిపించుకున్నారు. అదే అమెరికాలో అనిపించుకున్న వారు ఇంకొకరు కూడా ఉన్నారు. ఈవేళ్టి కబురు వారిది.

వారిని అక్కడ "గే" అంటారు. పురుషుణ్ణి ప్రేమించే పురుషుడు. స్త్రీని ప్రేమించే స్త్రీ. మన పత్రికల్లో "స్వలింగ సంపర్కులు" అని రాస్తూ ఉంటారు. ఆ మాట చెవిన పడగానే మనలో చాలామంది రేడియో కట్టేస్తారు. దయచేసి కట్టెయ్యకండి. నేను "స్వలింగ ప్రేమికులు" అంటాను. ఎందుకంటే మనం మాట్లాడుకోబోయేది ఎవరి పడకగది గురించీ కాదు. నలుగురిలో కూర్చుని నాలుగు మెతుకులు తినడం గురించి.

న్యూయార్కు నగరంలో క్రిస్టఫర్ వీధి అని ఒకటుంది. ఆ వీధిలో 1930ల నుంచీ "స్టోన్‌వాల్ ఇన్" అనే భోజనశాల ఉండేది. మొదట్లో ఆ కట్టడం గుర్రపుశాల. పేటలోని వాళ్లు వచ్చి తినిపోయే మామూలు హోటలు. విందులూ వేడుకలూ జరుపుకునేవారు. 1960ల మధ్యలో అగ్నిప్రమాదం జరిగి హోటలు మూతబడింది. కొన్నాళ్లు ఖాళీగా పడి ఉంది. 1967 మార్చిలో కొత్త యాజమాన్యం కింద మళ్లీ తలుపులు తెరిచారు. పేరు మార్చలేదు. కాని ఈసారి వచ్చేవాళ్లు వేరు. "గే వారికి ఇక్కడ ప్రవేశం ఉంది" అన్న కబురు ఆనోటా ఆనోటా పాకింది.

ఆహా, ఎంత ఉదారులో ఆ యజమానులు అనుకుంటున్నారా? ఆగండి. ఆ కొత్త యాజమాన్యం మాఫియా ముఠాది. నేరాలు చేసి బతికే ముఠా. వాళ్లు పెట్టిన పెట్టుబడి సుమారు 3,500 డాలర్లు. దానికి తగ్గట్టే ఉంది ముస్తాబు. గోడలకి నల్లరంగు పూశారు. వీధిలోంచి ఎవరికీ ఏమీ కనబడకుండా కిటికీలు మూసేశారు. పానీయాలిచ్చే బల్ల వెనక నీళ్ల కుళాయి లేదు. ఒకరు తాగిన గ్లాసుని తొట్టెలోని నీళ్లలో ముంచి తీసి ఇంకొకరికి పోసి ఇచ్చేవారు. నిప్పంటుకుంటే పారిపోవడానికి వెనక దారి లేదు. మరుగుదొడ్లు పొంగిపొర్లేవి. మద్యం అమ్మడానికి లైసెన్సే లేదు. పోలీసులకి వారం వారం కవర్లో డబ్బు వెళ్లేది. శని ఆదివారాల్లో గుమ్మం దగ్గర 3 డాలర్లు కట్టాలి. పుస్తకంలో పేరు రాయాలి. నిజం పేరు రాసేవారు అరుదు.

మన ఇంట్లో పనిమనిషి అంట్లు సరిగ్గా తోమకపోతేనే గోల పెడతాం. అలాంటి చోటుకి డబ్బిచ్చి మరీ ఎందుకు వెళ్లారండీ వాళ్లు? సరదాకా? కాదు. ఇంకెక్కడా రానివ్వలేదు గనక.

ఎందుకు రానివ్వలేదో కాస్త వివరంగా చెప్పాలి. ఆ దేశంలో భోజన హోటళ్లలో మద్యం కూడా వడ్డిస్తారు. దానికి లైసెన్సు కావాలి. హోటలు లాభం చాలామట్టుకు ఆ అమ్మకంలోనే ఉంటుంది గనక లైసెన్సు పోతే హోటలు పోయినట్టే. 1933 లో మద్యనిషేధం ఎత్తేశాక ఒక్కొక్క రాష్ట్రం లైసెన్సులిచ్చే అధికార సంస్థల్ని ఏర్పరచింది. "క్రమశిక్షణ లేని చోటుకి లైసెన్సు రద్దు" అని నిబంధన పెట్టారు. వినడానికి సబబుగానే ఉంది కదూ? కాని న్యూయార్కులో ఆ నిబంధనకి అధికారులు చెప్పుకున్న అర్థం ఏమిటంటే, గే వారు నలుగురు చేరి ఊరికే కూర్చున్నా సరే, అది క్రమశిక్షణ లేని చోటే! కొట్టుకోనక్కరలేదు, కేకలు వెయ్యనక్కరలేదు. వాళ్లు వాళ్లవడమే తప్పు.

దీన్ని బయటపెట్టాలని 1966 ఏప్రిల్ 21 న కొందరు యువకులు ఒక పని చేశారు. శుభ్రంగా కోటూ టైలూ వేసుకున్నారు. పత్రికల వాళ్లని వెంటబెట్టుకుని హోటళ్లకి బయల్దేరారు. "మేము స్వలింగ ప్రేమికులం. మర్యాదగా కూర్చుంటాం. మాకు వడ్డించండి" అని అడగడం, ఇదీ వాళ్ల కార్యక్రమం. కొన్నిచోట్ల నవ్వేసి ఇచ్చేశారు. "జూలియస్" అనే చోట మాత్రం సర్వరు గ్లాసు ముందుకి పెట్టినవాడల్లా, ఆ మాట వినగానే గ్లాసు మీద అరచెయ్యి బోర్లించాడు. ఆ క్షణంలోనే ఫొటో తీశారు. అతను దుర్మార్గుడు కాదండీ. అంతకు కొన్నాళ్ల ముందే పోలీసులు ఆ చోటు మీద పడి ఉన్నారు. ఇంకోసారి పట్టుబడితే యజమానికి వ్యాపారం ఉండదు, అతనికి ఉద్యోగం ఉండదు. ఒకరి భయం ఇంకొకరి ఆకలి మీద చెయ్యి పెట్టడమంటే అదీ.

మరి ధైర్యమున్న యజమానులు ఒక్కరూ లేకపోయారా అంటే, ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సాల్ స్టౌమెన్ అనే ఆయనకి "బ్లాక్ క్యాట్" అని ఒక హోటలుండేది. ఆయన స్వయంగా గే కాడు. కాని వచ్చినవారిని వచ్చినట్టు కూర్చోబెట్టేవాడు. 1949 లో ఆయన లైసెన్సుని నిలిపేశారు. "నా హోటల్లో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. కూర్చోవడం తప్పెలా అవుతుంది?" అని ఆయన కోర్టుకెక్కాడు. 1951 లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. అందరిలాగే వారికీ హోటల్లో కూర్చుని తినే హక్కుంది, వారు వచ్చినంత మాత్రాన లైసెన్సు తీసెయ్యడానికి వీల్లేదంది. బాగుంది కదా! కాని తీర్పుతో కథ సుఖాంతం కాలేదు. ఏళ్ల తరబడి ఏదో ఒక వంక పెట్టి వేధించారు. 1963 లో చివరికి లైసెన్సు పోయింది. కొన్నాళ్లు మద్యం లేకుండా వట్టి తిండీ పానీయాలతో నడిపి, ఇక తట్టుకోలేక మూసేశాడు.

ఇప్పుడు ఆలోచించండి. మంచివాడు హోటలు తెరిస్తే బతకనివ్వలేదు. అప్పుడు ఆ గిరాకీ ఎవరి చేతికి పోతుంది? చట్టానికి భయపడని వాడి చేతికి. పోలీసులకి కవరు అందించగలవాడి చేతికి. స్టోన్‌వాల్‌ని మాఫియా తెరవడం వింత కాదు. మంచివాళ్ల చేత తలుపులు మూయించిన ప్రభుత్వమే మాఫియాకి ఆ తలుపు తెరిచిపెట్టింది. పైగా వాళ్లు పానీయాలు అమ్ముకుని ఊరుకోలేదు. వచ్చేవారిలో కాస్త డబ్బూ హోదా ఉన్నవాళ్లని కనిపెట్టి, "మీ ఆఫీసులో చెబుతాం, మీ ఇంట్లో చెబుతాం" అని బెదిరించి డబ్బు గుంజేవారని చరిత్రకారులు రాశారు. చోటు లేనివాడు చాటు వెతుక్కుంటాడు. చాటున్న చోట దాని మీద వ్యాపారం చేసేవాడు తయారవుతాడు. ఈ రెండు వాక్యాలూ గుర్తుంచుకోండి. మళ్లీ మన ఇళ్లకి వచ్చినప్పుడు కావాలి.

స్టోన్‌వాల్‌లో ఏం జరిగిందో చాలామంది వినే ఉంటారు. 1969 జూన్ 28 వ తేదీ, తెల్లవారితే శనివారం. అర్ధరాత్రి దాటి ఒంటిగంటా ఇరవై నిమిషాలకి పోలీసులు మీదపడ్డారు. లోపల సుమారు 200 మంది ఉన్నారు. మామూలుగా అయితే ఇలాంటప్పుడు తలలు వంచుకుని, మొహాలు దాచుకుని ఎవరిదారిన వారు పోయేవారు. ఆ రాత్రి పోలేదు. బయట వీధిలో నిలబడిపోయారు. జనం వందలకి పెరిగారు. గొడవ కొన్ని రాత్రులపాటు సాగింది. మరుసటి ఏడాది, 1970 లో, అదే తేదీన వేలమంది వీధుల్లో ఊరేగింపు తీశారు. ఈనాడు ప్రపంచంలో ఎన్నో నగరాల్లో ఏటేటా జరిగే ప్రైడ్ ఊరేగింపులకి మూలం అది. హైదరాబాదులో కూడా 2013 నుంచి జరుగుతున్నాయి.

ఆ గొడవలో ముందు నిలిచినవాళ్లలో ఇల్లూ వాకిలీ లేని కుర్రవాళ్లున్నారు. వాళ్లు స్టోన్‌వాల్ ఎదురుగా ఉన్న చిన్న పార్కులో బెంచీల మీద పడుకునేవారు. వాళ్లకి తల్లీ తండ్రీ లేక కాదు. చాలామందిని ఇంట్లోంచి గెంటేశారు. సోదరీమణులారా, ఆ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగాలి మనం. ఆ మురికి గ్లాసుల చోటుని వాళ్లు ఎందుకు పట్టుకు వేలాడారంటే, వాళ్లకి ఇంట్లో కంచం లేదు.

ఇక రెండో హోటలు కథ చెబుతాను. ఇది వాషింగ్టను నగరంలో 17 వ వీధిలో ఉంది. 1948 లో కటినాస్ అనే గ్రీకు కుటుంబానికి చెందిన ఆయన "పారమౌంట్ స్టేక్‌హౌస్" అని మాంసాహారపు హోటలు పెట్టాడు. ఆయన చెల్లెలు ఆనీ అందులో పనికి కుదిరింది. పానీయాలందించడం, వచ్చినవారిని పలకరించడం, ఎవరికేం ఇష్టమో గుర్తుంచుకోవడం ఆవిడ పని.

ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో గే వారి పరిస్థితి చాలా కష్టంగా ఉండేది. అది గవర్నమెంటు ఉద్యోగుల ఊరు. 1953 లో అధ్యక్షుడు ఐసన్‌హోవరు ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని ప్రకారం గే అని తేలితే కేంద్రప్రభుత్వ ఉద్యోగం ఊడుతుంది. ఎంతోమందికి ఊడింది. ఫ్రాంక్ కామెనీ అనే ఖగోళశాస్త్రజ్ఞుడుండేవాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్నవాడు. సైన్యానికి పటాలు తయారుచేసే ఆఫీసులో ఉద్యోగం. 1957 లో తీసేశారు. చాలాకాలం ఆయన చదువుకి తగిన ఉద్యోగం దొరకలేదు. అంత చదువుకున్నవాడు కొద్ది సెంట్ల తిండితో రోజులు వెళ్లబుచ్చాడు. అయినా ఊరుకోక పోరాడాడు. ఆ ఉద్యోగ నిషేధాన్ని 1975 లో ఎత్తేశారు. ప్రభుత్వం ఆయనకి క్షమాపణ చెప్పుకున్నది 2009 లో. అప్పటికాయన ఎనభైల్లో పడ్డాడు.

అలాంటి ఊళ్లో ఇద్దరు మగవాళ్లు ఒక హోటల్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చుంటే ఎంత ప్రమాదమో ఊహించండి. పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు ఆఫీసువాడైతే సోమవారానికి ఉద్యోగం ఉండదు. అందుకని బల్ల కింద చేతులు పట్టుకునేవారు. ఒకనాడు అలా కూర్చున్న ఇద్దర్ని ఆనీ చూసిందట. దగ్గరికి వెళ్లి, ఇక్కడ మీరు చేతులు బల్ల పైనే పట్టుకోవచ్చు అని చెప్పిందట. అంతే. ఉపన్యాసం ఇవ్వలేదు. బోర్డు కట్టలేదు. ఒక్క మాట చెప్పి తన పని తాను చూసుకుంది.

ఆ మాట ఊరంతా పాకింది. రాను రాను హోటలుకి ఆవిడ పేరే పెట్టారు, "ఆనీస్ పారమౌంట్ స్టేక్‌హౌస్" అని. 1985 లో అదే వీధిలో ఇంకా పెద్ద చోటుకి మారింది. ఆనీ 2013 లో కన్నుమూసింది. 2019 లో ఆ హోటలుకి జేమ్స్ బియర్డ్ ఫౌండేషను వారు బహుమతి ఇచ్చారు. పేట జనం తరతరాలుగా అభిమానించే భోజనశాలలకి ఇచ్చే బహుమతి అది.

రెండు హోటళ్లూ గే వారికి తలుపులు తెరిచినవే. కాని ఎంత తేడా ఉందో చూడండి. ఒకటి కిటికీలు మూసి లోపలికి రానిచ్చింది. ఒకటి బల్ల కిందనుంచి చేతులు పైకి తియ్యమంది. ఒకటి చాటుని అమ్ముకుంది. ఒకటి చోటు ఇచ్చింది. తలుపు తియ్యడం ఒక్కటే ఆదరణ కాదని ఇంట్లో చుట్టాలకి మర్యాదలు చేసే మనకి ఎవరూ చెప్పనక్కరలేదు. మొహం చిట్లించుకుని పెట్టే పంచభక్ష్య పరమాన్నాల కంటే మనసారా పోసిన గ్లాసెడు మజ్జిగే మేలంటాం కదా. అదే ఇది.

స్టోన్‌వాల్ తర్వాత ఏమైందని అడుగుతారేమో. గొడవ జరిగిన కొద్ది నెలలకే మూతబడింది. ఆ చోట ఏవేవో దుకాణాలు వచ్చాయి, పోయాయి. తర్వాత మళ్లీ అదే పేరుతో తెరిచారు. 2006 లో ఇంకోసారి మూతబడితే, 2007 లో కొత్త యజమానులు బాగుచేయించి తెరిచారు. వారిలో ఒకరు స్త్రీ, స్టేసీ లెంట్జ్ అని. ఇప్పుడక్కడ మాఫియా లేదు, నల్లకిటికీలు లేవు. 2016 లో అధ్యక్షుడు ఒబామా ఆ చోటుని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. ఆనాటి దాడి తప్పేనని 2019 లో న్యూయార్కు పోలీసు కమిషనరు క్షమాపణ చెప్పాడు. అదే కట్టడం, అదే పేరు. యజమాని మనసు మారితే, చట్టం మారితే, చోటు ఎలా మారుతుందో చూడండి.

"ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకూ?" అంటారా? మనకీ ఉంది. మన రాజ్యాంగం 15 వ అధికరణంలో ఒక మాట ఉంది. కులం, మతం, లింగం, పుట్టిన ఊరు వంటి కారణాలతో దుకాణాలకీ, హోటళ్లకీ, వినోదశాలలకీ ఎవర్నీ రానివ్వకుండా చెయ్యకూడదని. హోటలు అన్న మాట రాజ్యాంగంలోకి ఎక్కిందంటే, కూర్చుని తినడం చిన్న సంగతి కాదని ఆ పెద్దలకి బాగా తెలుసు. ఆ తిరస్కారం అనుభవించినవాడు గనక అంబేద్కరు గారికి మరీ తెలుసు.

కాని గే వారి విషయంలో మనకి ఇంకో చట్టం అడ్డొచ్చింది. 1860 లో ఇంగ్లీషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలోని 377 వ సెక్షను. "ఇదంతా పాశ్చాత్యుల నుంచి వచ్చిన పైత్యం" అని మనవాళ్లంటూ ఉంటారు. నిజానికి పడమటి నుంచి ఓడెక్కి వచ్చింది ఆ చట్టం. మనుషులు ఇక్కడివాళ్లే.

ఆ సెక్షను మీద 2016 లో సుప్రీంకోర్టుకి వెళ్లిన వారిలో నవతేజ్ సింగ్ జోహర్ అనే నాట్యకళాకారుడున్నారు. ఆయనతో పాటు రీతూ దాల్మియా ఉన్నారు. ఢిల్లీలో పేరున్న "దివా" అనే ఇటాలియన్ భోజనశాల ఆవిడ పెట్టిందే. పాకశాస్త్రంలో దిట్ట. అమన్‌నాథ్ ఉన్నారు. పాత కోటలు బాగుచేయించి నీమ్‌రాణా హోటళ్లుగా మార్చిన వారిలో ఒకరు. తర్వాత లలిత్ హోటళ్ల కేశవ్ సూరి కూడా కోర్టుకి వెళ్లారు. చిత్రం చూశారా? అమెరికాలో హోటలు వాడు గే వారికి వడ్డించడానికి భయపడ్డాడు. ఇక్కడ ఊరందరికీ వడ్డించే హోటలు యజమానులే చట్టం దృష్టిలో నేరస్థులు. మన మంత్రులూ, జడ్జీలూ, పెళ్లివారూ వాళ్ల చేతి భోజనం తిన్నారు. తిని చెయ్యి కడుక్కున్నాక వాళ్ల బతుకు మాత్రం నేరమన్నాం.

2018 సెప్టెంబరు 6 న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉండడం నేరం కాదని. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 377 అన్న సెక్షనే లేదు. వారి పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి మాత్రం 2023 లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అది పార్లమెంటు తేల్చవలసిన విషయం అంది. అంటే ఇద్దరు కలిసి బతికితే జైలు లేదు. కుటుంబం అన్న గుర్తింపూ లేదు. చట్టం బల్ల కింద చేతుల్ని వదిలేసింది గాని పైకి తియ్యనివ్వడం ఇంకా పూర్తికాలేదు.

ఇక మన సందేహాలు. నలుగురు ఆడవాళ్లం కూర్చుంటే వచ్చేవే చెబుతాను.

"ఇది జబ్బు కాదా? డాక్టరుకి చూపిస్తే పోదా?" అంటారు. కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973 లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 లో తీసేసింది. మన మానసిక వైద్యుల సంఘం కూడా జబ్బు కాదని 2018 లో చెప్పింది. మారుస్తామని వైద్యం చెయ్యడం డాక్టర్లకి తగని పనని 2022 లో జాతీయ వైద్య కమిషను ప్రకటించింది. కాబట్టి ఎవరైనా "మారుస్తాను, ఇంత ఖర్చవుతుంది" అంటే, అక్కడ కూడా చాటు మీద వ్యాపారమే జరుగుతోందని గ్రహించండి.

"వాళ్లని చూసి మన పిల్లలు నేర్చుకోరూ?" అంటారు. చూసి నేర్చుకునేదే అయితే, పుట్టిన దగ్గర్నుంచీ అమ్మానాన్నల్నీ, పెళ్లిళ్లనీ, సినిమాల్లో హీరో హీరోయిన్లనీ చూసి పెరిగిన పిల్లలు గే ఎలా అయ్యారండీ?

"పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. అన్నిటికంటే ప్రమాదమైన మాట ఇది. అబ్బాయి చెప్పలేడు. మనం అడగం. సంబంధం చూస్తాం. లగ్నపత్రిక రాయిస్తాం. ఏ పాపం ఎరగని ఇంకో ఇంటి పిల్ల ఆ గదిలోకి వచ్చి పడుతుంది. నాలో ఏం లోపం ఉందోనని కుమిలిపోతుంది. పిల్లలు లేరేమని అత్తవారు దెప్పుతారు. అటు ఆ పిల్ల ఉసురూ, ఇటు ఈ పిల్లవాడి ఉసురూ ఎవరికి తగులుతుంది? మన ఆడపిల్లకే అలా జరిగితే ఊరుకుంటామా? అమ్మాయి విషయంలో ఇంకా ఘోరం. తనకి ఇష్టం లేదన్న మాట బయటికి వచ్చేలోపే మెడలో పుస్తె పడుతుంది.

ఇందాక గుర్తుంచుకోమన్న మాటలు ఇప్పుడు తీయండి. ఇంట్లో చోటు లేని పిల్లవాడు ఎక్కడో చాటు వెతుక్కుంటాడు. ఫోనులో పరిచయం చేసుకుని, ఒంటరిగా రప్పించి, "మీ వాళ్లకి చెబుతాం" అని డబ్బూ నగలూ దోచుకునే ముఠాల వార్తలు మన పత్రికల్లో కూడా చదువుతున్నాం. స్టోన్‌వాల్‌లో మాఫియా చేసిన పనే అది. ఆ బెదిరింపుకి పెట్టుబడి ఏమిటి? కత్తీ కటారూ కాదు. "అమ్మకి తెలిస్తే ఏమవుతుందో" అన్న భయం. అమ్మకి ముందే తెలిసి, అమ్మ పక్కనే కూర్చుని ఉంటే, ఆ బెదిరింపు చెల్లని నోటు. అంటే ఆ దొంగవాడి పెట్టుబడి మన చేతిలో ఉందన్నమాట. ఇస్తామా, లేదా అన్నది మన ఇష్టం.

మనం హోటళ్లు పెట్టబోవడం లేదు. కాని ప్రతి ఇంట్లోనూ ఒక భోజనాల బల్ల ఉంది, లేదా నాలుగు పీటలున్నాయి. అక్కడ యాజమాన్యం మనదే. ఏం చెయ్యగలమంటే ఇవి చెయ్యగలం.

టీవీలోనో సినిమాలోనో ఆడంగి నడకని ఎగతాళి చేస్తే అన్నాల దగ్గర పడీ పడీ నవ్వకండి. తలవంచుకుని అన్నం కలుపుతున్నవాడు మన పిల్లవాడే కావచ్చు. ఆ నవ్వుతో వాడి చేతులు బల్ల కిందికి పోతాయి.

పెళ్లీడుకొచ్చిన పిల్లల్ని "ఎప్పుడు చేసుకుంటావు?" అని ప్రతి శుభకార్యంలోనూ నలుగురిలో నిలదియ్యకండి. ఒంటరిగా ఉన్నప్పుడు, "నీ మనసులో ఏమన్నా ఉంటే చెప్పు, నేను వింటాను" అనండి. చెప్పడానికి వాడికి ఏడాది పట్టవచ్చు, అయిదేళ్లు పట్టవచ్చు. కాని తలుపు తీసి ఉందని తెలుస్తుంది.

అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్న అబ్బాయి, ఏళ్ల తరబడి ఒకే "రూమ్మేటు" పేరు చెబుతుంటే, ఆ వచ్చిన స్నేహితుణ్ణి వేరే గదిలో, వేరే వేళ కాకుండా, పక్క పక్కనే కూర్చోబెట్టి వడ్డించండి. ప్రశ్నలు వెయ్యనక్కరలేదు. రెండోసారి కూర ఎవరికి కావాలో అడగండి, చాలు.

ఒకవేళ పిల్లే పిల్లవాడే వచ్చి నోరు తెరిచి చెప్పిందనుకోండి, చెప్పాడనుకోండి. మీకు గుండె జారిపోవచ్చు. కళ్లనీళ్లు రావచ్చు. తప్పులేదు. అర్థం కావడానికి మీకూ వ్యవధి కావాలి. కాని ఆ రాత్రి మొట్టమొదటి మాట "మా పరువేం కావాలి?" అన్నది కాకూడదు. ఏ మాట అనాలో తోచకపోతే మనం రోజూ అనే మాటే అనండి. "అన్నం తిన్నావా? రా, కూర్చో" అనండి. న్యూయార్కు పార్కులో బెంచీల మీద పడుకున్న ఆ కుర్రవాళ్లకి ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు.

 ఈ రాత్రి వడ్డనలో ఎవరెవరు ఏ మూల కూర్చుంటున్నారో, ఎవరు మాటాడకుండా తిని లేచిపోతున్నారో ఒకసారి గమనించండి. సెలవు.